డప్పు పక్కన బాస్ వినపడాలంటే ఎన్ని వాట్లు కావాలి?

పోయిన ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో ఒక బస్తీ వాళ్లు పిలిస్తే అంబేడ్కర్ జయంతికి మా పాటల బృందం వెళ్లింది. ఆరు డప్పులు, రెండు గొంతులు, ఒక గిటార్, ఒక బాస్ గిటార్. బాస్ కోసం కొత్తగా ఒక ఆంప్ కొన్నాం. స్కాలర్‌షిప్ పడ్డ నెలల్లో తలా కొంత వేసుకుని ఏడాది పాటు కూడబెట్టిన డబ్బు అది. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 200 వాట్స్ అని ఉంది. దుకాణంలో వాయిస్తే అద్దాలు అదిరాయి. ఇంకేం కావాలనుకున్నాం.

బస్తీలో డప్పులు మొదలైన మరుక్షణం బాస్ మాయమైంది. వాల్యూమ్ పెంచాం. స్పీకర్ బర్రుమంది. ఇంకా పెంచితే పాట మొత్తం పాడైంది. పాట అయ్యాక డప్పు కొట్టిన పెద్దాయన దగ్గరికొచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టి చూసి అన్నాడు: "బిడ్డా, గీ పెట్టె వణుకుతుంది గని పలుకుతలేదు."

ఆ ఒక్క మాటలో ఉన్న సంగతిని అర్థం చేసుకోడానికి మాకు చాలా నెలలు పట్టింది. మాలో ఒక్కరూ సౌండ్ ఇంజినీరింగ్ చదవలేదు. యూనివర్సిటీల్లో, బస్తీల్లో, ఊళ్లలో ఇప్పుడు చాలా బృందాలు డప్పుకి గిటార్, బాస్, కీబోర్డు జోడిస్తున్నాయి. 2018 జనవరిలో చెన్నైలో ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ పరైనీ గానానీ బాస్ గిటార్‌తో ఒకే వేదిక మీదికి తెచ్చాక ఈ ఆసక్తి మన దగ్గరా పెరిగింది. ఈ బృందాలు చందాలతో కొంటాయి. చందా డబ్బు ఒకసారి పోతే మళ్లీ రావడానికి ఏడాది పడుతుంది. మేం పోగొట్టుకున్నట్టు ఇంకొకరు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాం.

పెట్టె మీది అంకె ఏం చెబుతుంది?

వాట్ అనేది కరెంటు లెక్క. ఆంప్ తన స్పీకర్‌కి ఎంత విద్యుత్తు పంపగలదో చెబుతుంది. మన చెవిదాకా ఎంత శబ్దం వస్తుందో చెప్పదు. అసలు ఆ వాట్‌ని కూడా రకరకాలుగా రాస్తారు.

ఆగకుండా, శబ్దం చెడకుండా ఇవ్వగలిగే శక్తిని మామూలుగా ఆర్‌ఎంఎస్ వాట్స్ అని రాస్తారు. మనం చూడాల్సింది ఇదే. రెప్పపాటు కాలం అందుకోగల గరిష్ఠ శక్తిని పీక్ అనో మ్యాక్స్ అనో రాస్తారు. లెక్క ప్రకారం 100 వాట్ల ఆర్‌ఎంఎస్ ఉన్న ఆంప్‌కి పీక్ 200 అవుతుంది. అంటే ఒకే పెట్టెను ఇద్దరు రెండు అంకెలతో అమ్మొచ్చు, ఇద్దరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఇక ఇళ్లలో హోమ్ థియేటర్ల మీద, టేప్ రికార్డర్ల మీద వేలల్లో కనిపించే పీఎంపీవో అంకెకు ఏ ప్రమాణమూ లేదు. దాన్ని చూడకపోవడమే మంచిది. అమెరికాలో ఇళ్లలో వాడే ఆంప్లిఫైర్ల మీద ఇలాంటి అంకెల గారడీ మితిమీరితే, 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిలకడగా ఇచ్చే శక్తినే చెప్పాలని నిబంధన పెట్టాల్సి వచ్చింది.

చిన్న ఆంప్‌లలో ఒక సులువైన పరీక్ష ఉంది. ల్యాప్‌టాప్‌కి ఉన్నట్టు బయట అడాప్టర్ ఉంటే దాని మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. రెండూ గుణించండి. 19 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే 57 వాట్లు. ఆ పెట్టె లోపలికి తీసుకునేదే 57 అయినప్పుడు నిలకడగా 200 వాట్లు బయటికి ఎక్కడి నుంచి వస్తాయి? ఇంటికొచ్చాక మా ఆంప్ అడాప్టర్ తిప్పి చూస్తే మాకు తెలిసింది ఇదే. ఆ గుణకారం దుకాణంలో చేసి ఉంటే డబ్బు మిగిలేది.

రెట్టింపు వాట్లు, రెట్టింపు శబ్దం కాదు

నిజాయితీగా రాసిన వాట్లే అనుకుందాం. 50 వాట్ల ఆంప్ కన్నా 100 వాట్ల ఆంప్ రెండింతలు గట్టిగా వినిపిస్తుందా? వినిపించదు. శక్తి రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కొంచెం పెరిగిందని గుర్తుపట్టేంత తేడా అది. చెవికి రెండింతలు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అందుకు శక్తి పదింతలు కావాలి. 50 వాట్లకు రెట్టింపు గట్టిదనం 100 దగ్గర లేదు, 500 దగ్గర ఉంది.

ఇది తెలిస్తే బేరం మారిపోతుంది. "ఇంకో నాలుగు వేలు వేసుకుంటే 40 బదులు 60 వాట్లది వస్తుంది" అని దుకాణదారు అన్నాడనుకోండి. రెంటి మధ్య తేడా 2 డెసిబెల్స్ కూడా ఉండదు. మిగతావన్నీ సమానమైతే ఆ నాలుగు వేలు మంచి కేబుల్‌కో, డప్పు తోలుకో పెట్టుకోవడం మేలు.

శబ్దం చేసేది స్పీకర్

కరెంటుని గాలి కదలికగా మార్చేది స్పీకర్. కొన్ని స్పీకర్లు తీసుకున్న శక్తిని మిగతావాటికన్నా ఎక్కువగా శబ్దంగా మారుస్తాయి, కొన్ని తక్కువ మారుస్తాయి. దీన్ని సెన్సిటివిటీ అంటారు: ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయో ఆ అంకె.

లెక్క వేసి చూద్దాం. మొదటి పెట్టెలో 100 వాట్ల ఆంప్, 90 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్. 100 వాట్లు అంటే ఒక వాట్ కన్నా 20 డెసిబెల్స్ ఎక్కువ, కాబట్టి మొత్తం 110. రెండో పెట్టెలో 50 వాట్లే, స్పీకర్ 96. 50 వాట్లంటే 17 డెసిబెల్స్ ఎక్కువ, మొత్తం 113. వాట్లు సగమే ఉన్నా రెండో పెట్టె గట్టిది. కాగితం మీది లెక్క కాబట్టి వేదిక మీద కొంత అటూ ఇటూ అవుతుంది కానీ దారి ఇదే. చవక ఆంప్‌ల వివరాల్లో ఈ అంకె ఎక్కువగా కనిపించదు. కనిపించనప్పుడు స్పీకర్ కొలత, పెట్టె పరిమాణం, వాయించినప్పుడు మన చెవి, ఈ మూడే ఆధారం.

కొలత ఎందుకు ముఖ్యమంటే బాస్ స్వరాలకు కదపాల్సిన గాలి చాలా ఎక్కువ. నాలుగు తీగల బాస్‌లో అన్నిటికన్నా లావు తీగ, ఈ తీగ, సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఒక స్వరం నుంచి ఒక స్థాయి కిందికి, అంటే 80 హెర్ట్జ్ నుంచి 40కి దిగితే, అంతే శబ్దం రావడానికి స్పీకర్ కోన్ నాలుగింతలు ముందుకీ వెనక్కీ కదలాలి. 8 అంగుళాల చిన్న కోన్ అంత దూరం కదలలేదు. దాని హద్దు దాటించినప్పుడు వచ్చేదే మేం బస్తీలో విన్న ఆ బర్రు. 12 అంగుళాల కోన్ వైశాల్యం 8 అంగుళాల దానికి రెండింతలకు పైన ఉంటుంది. కాబట్టి తక్కువ కదిలి ఎక్కువ గాలిని నెడుతుంది. 10 అంగుళాలవి రెండు కలిస్తే వైశాల్యంలో ఒక 15 అంగుళాల దానికి దగ్గరగా వస్తాయి.

ఇక ఓమ్స్ సంగతి. కొన్ని ఆంప్‌ల మీద "4 ఓమ్స్ దగ్గర 500 వాట్స్" అని ఉంటుంది. లోపలి స్పీకర్ 8 ఓమ్స్ అయితే ఆ శక్తి మొత్తం రాదు. ఉదాహరణకు ఫెండర్ రంబుల్ 500 కాంబో తన సొంత స్పీకర్లతో 350 వాట్లు ఇస్తుంది. బయట ఇంకో క్యాబినెట్ కలిపితేనే 500. ఇందులో మోసం లేదు, వివరాల్లో రాసే ఉంటుంది. పైగా 350కి 500కి తేడా 2 డెసిబెల్స్ లోపే. రెండో క్యాబినెట్ కలిపినప్పుడు అసలు లాభం కోన్ల వైశాల్యం పెరగడం వల్ల వస్తుంది. ఆంప్ మీద రాసిన కనీస ఓమ్స్ కన్నా తక్కువకు మాత్రం ఎప్పుడూ దించొద్దు, ఆంప్ కాలిపోవచ్చు.

డప్పు ఎందుకు గెలుస్తుంది?

పెద్దాయన డప్పుకి కరెంటు లేదు. మరి మా పెట్టెను ఎలా మింగేసింది?

కారణం చెవిలో ఉంది. మన చెవి అన్ని స్వరాలనూ సమానంగా వినదు. 1933లోనే అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ దీన్ని కొలిచి చూపించారు. 1000 హెర్ట్జ్ స్వరం చెవికి అందడానికి రెండు మూడు డెసిబెల్స్ చాలు. 40 హెర్ట్జ్ స్వరం అందడానికే 50 డెసిబెల్స్ కావాలి. నిప్పు మీద కాచి బిగించిన తోలు మీద సిటికెన పుల్ల పడినప్పుడు పుట్టే చురుకైన శబ్దం చెవి బాగా పట్టుకునే చోటే ఉంటుంది. బాస్ మూల స్వరం చెవి మందంగా ఉండే చోట ఉంటుంది. డప్పు తక్కువ శక్తితో గెలుస్తుంది, బాస్ ఎక్కువ శక్తితో ఓడుతుంది.

అందుకే వినపడకపోతే బాస్ నాబ్ తిప్పడం పెద్ద పొరపాటు. ఆంప్ ఉన్న శక్తినంతా చెవికి అందని చోట ఖర్చు పెడుతుంది, స్పీకర్ బర్రుమంటుంది. బాస్ కొంచెం తగ్గించి మిడ్ పెంచండి. బాస్ తీగల పై స్వరాలు 200 నుంచి 800 హెర్ట్జ్ మధ్య బాగా వినిపిస్తాయి. అవి వినపడితే కింది స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుంది. గదిలో ఒంటరిగా వాయించినప్పుడు ఈ శబ్దం పేలవంగా తోస్తుంది. డప్పుల మధ్య అదే నిలబడుతుంది. పాత ఆంప్‌తోనే ఇది చేశాం, సగం సమస్య పైసా ఖర్చు లేకుండా తీరింది.

దుకాణంలో అద్దాలు అదరడానికి కారణమూ ఇప్పుడు తెలిసింది. చిన్న గది, గోడ మూలలో పెట్టిన ఆంప్, పక్కన ఏ వాయిద్యమూ లేదు. నేల, గోడలు బాస్‌ని తిప్పి పంపి పెంచుతాయి. ఆరుబయట ఆ గోడలు ఉండవు. పైగా బయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పోతాయి. మీటరు దూరంలో 110 ఉన్నది 16 మీటర్ల దూరంలో 86కి పడిపోతుంది. కాబట్టి ఆంప్‌ను ఎత్తైన బల్ల మీద కాకుండా నేల మీద, వీలైతే గోడకు దగ్గరగా పెడితే బాస్ కొంత నిండుగా వస్తుంది.

మరి మనకి ఎంత కావాలి?

వాయించేవాళ్ల వాడుకలో ఉన్న అంచనాలు ఇవి. హాస్టల్ గదిలో సాధనకు 8 అంగుళాల స్పీకర్, 25 వాట్లు చాలు, హెడ్‌ఫోన్ రంధ్రం ఉంటే పక్క గదివాళ్లు బతికిపోతారు. రెండు గొంతులు, ఒక గిటార్, నెమ్మదిగా కొట్టే తాళవాద్యంతో చిన్న హాలుకి 12 అంగుళాలు, 100 వాట్లు సరిపోతాయి. ఆరుబయట ఆరు డప్పుల పక్కన మన ఆంప్ ఒక్కటే నిలబడాలంటే కనీసం 300 వాట్లు, 10 అంగుళాల స్పీకర్లు రెండో నాలుగో ఉండాలి. చందా డబ్బుకి అది అందదు.

కానీ అది మనకి అక్కర్లేదు. జయంతి సభ అంటే మైక్‌సెట్ ఎలాగూ ఉంటుంది. మన బాస్ ఆ మైక్‌సెట్‌లోకి వెళితే జనానికి వినిపించే పని దానిదే. మన ఆంప్ మనకీ పక్క డప్పులకీ వినిపిస్తే చాలు. ఇందుకు ఆంప్ వెనక ఎక్స్‌ఎల్‌ఆర్ లైన్ అవుట్, దీన్నే డీఐ అని కూడా అంటారు, ఉండాలి. కొనేటప్పుడు పెట్టె మీది పెద్ద అంకె కన్నా వెనకున్న ఈ మూడు పిన్నుల సాకెట్ ముఖ్యం. ఉదాహరణకు ఫెండర్ రంబుల్ వరుసలో 25కి ఇది లేదు, 40కి ఉంది. శబ్దంలో రెంటికీ పెద్ద తేడా లేకపోయినా బృందానికి పనికొచ్చేది రెండోదే. 10 అంగుళాల స్పీకరు, బరువు 8 కిలోల చిల్లర, ఆటోలోనో బస్సులోనో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లొచ్చు.

ఒక జాగ్రత్త. సభకు వచ్చేవి పాత రకం గొట్టం మైకులే అయితే వాటిలోంచి బాస్ రాదు, మాటల కోసం చేసినవి అవి. మైక్‌సెట్ అన్నకి ముందురోజే ఫోన్ చేసి "పెద్ద బాక్సులున్నాయా, ఒక లైన్ ఎక్కువ తీసుకోవచ్చా" అని అడగండి.

దుకాణంలో చేయాల్సినవి

మీ బాస్ గిటారే తీసుకెళ్లండి. టోన్ నాబ్‌లన్నీ మధ్యలో పెట్టించండి, బాస్ బూస్ట్ లాంటి మీటలు ఆపించండి. ఆంప్‌ను గోడ మూల నుంచి గది మధ్యకు జరపమనండి. ఈ తీగను గట్టిగా మీటుతూ వాల్యూమ్ మెల్లగా పెంచండి. బర్రు ఎక్కడ మొదలవుతుందో అక్కడితో ఆ ఆంప్ అయిపోయినట్టు. "చూడండి, మూడు దగ్గరే ఇంత గట్టిగా ఉంది, పది దాకా ఉంది కదా" అంటారు. నమ్మకండి. కొన్ని నాబ్‌లు మూడు నాలుగు దగ్గరికే ఉన్న శక్తినంతా ఇచ్చేస్తాయి, తర్వాత పెరిగేది చెడిన శబ్దమే. పది అడుగులు వెనక్కి నడిచి వినండి. ఒక స్నేహితుణ్ని డప్పుతో తీసుకెళ్లగలిగితే అంతకన్నా మంచి పరీక్ష లేదు. దుకాణదారు వద్దంటే కనీసం కొన్నాక ఎన్ని రోజుల్లో మార్చుకోవచ్చో బిల్లు మీద రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే ఆంప్ ఆపి కోన్‌ను నాలుగు వేళ్లతో సమంగా, మెత్తగా నొక్కి చూడండి. లోపల గీసుకుంటున్న శబ్దం వస్తే స్పీకర్ పోయినట్టే. నాబ్‌లు తిప్పితే కరకరమంటే భయం లేదు, శుభ్రం చేస్తే పోతుంది. విదేశం నుంచి తెచ్చినదైతే 230 వోల్టులకు పనిచేస్తుందో లేదో వెనక చూడండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసి ఉంటే మార్పించాకే వాడండి. పందిళ్ల కింద, తడి నేల మీద, తీగల వాయిద్యం చేతిలో పట్టుకుని నిలబడేది మనమే.

చట్టం కొలిచేది, చెవి కోల్పోయేది

గట్టిదనం గురించి మాట్లాడి అనుమతి గురించి మాట్లాడకపోతే మన సంగతి సగమే చెప్పినట్టు. శబ్ద కాలుష్య నిబంధనలు, 2000 ప్రకారం లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు ఏడాదిలో 15 రోజులు మించకుండా రాత్రి 12 దాకా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. నివాస ప్రాంతాల్లో ప్రమాణం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంత ప్రమాణం కన్నా 10కి మించకూడదు, ఏ ప్రాంతంలోనైనా 75 దాటకూడదు.

నిబంధన అందరికీ ఒకటే. అనుమతి కాగితం ఎవరిని ముందు అడుగుతారో, ఎవరి ఊరేగింపులో బాక్సులు ఆపిస్తారో ఈ పత్రిక చదివేవాళ్లకి మేం చెప్పక్కర్లేదు. అందుకే కాగితం ముందే తీసుకుని, దాని నకలు ఆంప్ సంచిలోనే పెట్టుకుంటున్నాం. చట్టం కొలిచే డెసిబెల్స్ 'ఏ' తూకంలో ఉంటాయి. అది చెవిలాగే కింది స్వరాలను తగ్గించి కొలుస్తుంది, 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ఫోన్ యాప్‌లో తక్కువ చూపిస్తున్నా బాస్ గోడలు దాటి వెళ్తూ ఉండొచ్చు. పక్కింట్లో పసిపిల్లలు, ముసలివాళ్లు మనవాళ్లే. అది కూడా చూసుకోవాలి.

మన చెవుల సంగతి ఇంకా ముఖ్యం. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర పావుగంటే. తరతరాలు చావుకీ, జాతరకీ, చాటింపుకీ వెట్టిగా డప్పు కొట్టిన చేతుల గురించి మనం చాలా రాశాం. ఆ చెవుల గురించి ఎవరూ రాయలేదు. 1994లో దండోరా మొదలయ్యాక అదే డప్పు మన ఇష్టంతో మోగే వాయిద్యమైంది. ఆ గౌరవంలో వినికిడిని కాపాడుకోవడం కూడా ఒక భాగం. మా బృందంలో ఇప్పుడు డప్పులవాళ్లతో సహా అందరి జేబుల్లోనూ చెవి బిరడాలున్నాయి.

పాత ఆంప్‌ని మూడో వంతు ధరకి అమ్మేశాం. సాధనకి సరిపోతుంది, 200 వాట్లు కాదని కొన్నవాళ్లకి చెప్పే అమ్మాం. మళ్లీ చందాలు వేసుకుని 10 అంగుళాల స్పీకర్, 40 వాట్లు, వెనక లైన్ అవుట్ ఉన్న సెకండ్ హ్యాండ్ ఆంప్ ఒకటి తీసుకున్నాం. అంకెలో పాతదానికి అయిదో వంతు. డిసెంబర్ 6న అదే బస్తీకి వెళ్లి, మైక్‌సెట్‌కి లైన్ కలిపి, ఆంప్‌ని నేల మీద పెట్టి, మిడ్ పెంచి వాయించాం. పెద్దాయన మళ్లీ వచ్చి పెట్టె మీద చెయ్యి పెట్టాడు.

"ఇప్పుడు వణుకుతలేదు," అన్నాడు. "ఇంకో పాట కానియ్యుండ్రి."